నీటిగండం లెక్క

(ఊరి చెరువు దగ్గర వేసవి ఈత శిబిరం మొదలయ్యే ముందు, పిల్లల తల్లిదండ్రులతో ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టర్ మాట్లాడిన పాఠం. ఆఖర్న అడిగిన ప్రశ్నలు కొన్ని కలిపాం.)

అందరికీ నమస్కారం. పొద్దున్నే చెరువుకట్ట మీద మైకు పట్టుకోవడం నాకు కొత్త. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది గొంతు పోయి మాట్లాడలేరు, మిగతా సగానికి నేను మాట్లాడింది వినపడదు. మీరు రెండు రకాలూ కాదు కాబట్టి ఇవాళ ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడాలి. (నవ్వులు)

పోయినేడు ఈ శిబిరానికి పేర్లిచ్చిన పిల్లల్లో ఈసారి సగం మంది కూడా రాలేదట. శిబిరం నడిపే తమ్ముళ్ళు ఫోన్ చేసి అడిగితే అందరిదీ ఒకటే మాట: "మెదడు తినే పురుగంట కదా అన్నా, కేరళలో." వాట్సాప్‌లో తిరుగుతున్న ఆ వీడియో నాకూ వచ్చింది. మా ఆవిడ పంపింది, మా చెల్లెలు పంపింది, మా కాంపౌండరూ పంపాడు. అందుకే నన్ను పిలిచారు. భయం పోగొట్టమని పిలిచారో, భయం నిజమేనని చెప్పమని పిలిచారో నాకు తెలియదు. నేను రెండూ కొంచెం కొంచెం చేస్తాను.

ముందు నా సంగతి. నేను పుట్టినప్పుడు జాతకం రాసిన పంతులుగారు "పిల్లాడికి నీటిగండం ఉంది" అన్నారట. అంతే, మా నాయనమ్మ నన్ను నీళ్ళ ఛాయలకు పోనివ్వలేదు. మా అన్నలు నడుముకు బెండ్లు కట్టుకుని మోటబావిలో దూకుతుంటే నేను గట్టు మీద కూర్చుని వాళ్ళ చొక్కాలకు కాపలా కాసేవాణ్ణి. పదో తరగతి పరీక్షలయ్యాక, సెలవుల్లో, కుంట గట్టున కాలు జారి పడ్డాను. మోకాలి లోతు ఉంటుందనుకున్న చోట ఎవరో మట్టి తవ్వుకుపోయిన గుంత ఉంది. మా చిన్నన్న జుట్టు పట్టి లాగకపోతే ఇవాళ మీకు వేరే డాక్టర్ని వెతుక్కోవాల్సి వచ్చేది. ఇంటికి పోగానే నాయనమ్మ, "చూశారా, పంతులుగారు చెప్పింది జరిగింది" అంది. చాలా ఏళ్ళకు గానీ నాకు తట్టలేదు. నాలుగు బారలు వేయడం వచ్చి ఉంటే ఆ గుంత నాకు గండమే కాదు. గండం ఉందని ఈత నేర్పలేదు, ఈత రాక గండం వచ్చింది. ఇప్పుడు ఆ పంతులుగారి పని వాట్సాప్ చేస్తోంది.

అలాగని ఆ వీడియో అబద్ధమా అంటే కాదు. అందులో ఉన్న జబ్బు ఉంది. దాని సంగతి సరిగ్గా చెప్పుకుందాం.

అది పురుగు కాదు, అమీబా. పేరు నేగ్లేరియా ఫౌలరీ. ఒకే ఒక్క కణం, కంటికి ఆనదు. 1965లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఫౌలర్, కార్టర్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని మనుషుల్లో మొదటిసారి గుర్తించి రాశారు, ఆ ఫౌలర్ పేరే దీనికి పెట్టారు. దీనికి వేడి నీళ్ళంటే ఇష్టం, 46 డిగ్రీల దాకా హాయిగా బతుకుతుంది. చెరువు అడుగున బురదలో బాక్టీరియాను తింటూ ఉంటుంది. అదే దాని తిండి, మన మెదడు కాదు. మనిషి ముక్కులోకి పోవడం దానికి దారి తప్పడం లాంటిది. దాని కర్మ కొద్దీ, మన కర్మ కొద్దీ అక్కడ ఒక తలుపు ఉంది.

ఇది నా శాఖ కాబట్టి కాస్త ఆగి చెప్తాను. మీ ముక్కు పైకప్పు ఏమిటో తెలుసా? ఒక పలచటి ఎముక. దానికి జల్లెడకు ఉన్నట్టు చిన్న చిన్న రంధ్రాలు. మల్లెపూల వాసన, మాడిన పోపు వాసన మెదడుకు చేరవేసే నరాల పోగులు ఆ రంధ్రాల్లోంచే పైకి పోతాయి. ఎముకకు ఇవతల ముక్కు, అవతల మెదడు. ఒంట్లో ఇంకెక్కడా బయటి గాలికీ మెదడుకీ మధ్య దూరం ఇంత తక్కువ ఉండదు. మీరు గట్టు మీద నుంచి దూకినప్పుడు నీళ్ళు ముక్కులో సర్రున పైకి కొట్టి, కళ్ళల్లో నీళ్ళు తిరిగి, నడినెత్తిన మంట పుడుతుంది చూడండి, ఆ నీళ్ళు తగిలింది ఆ పైకప్పుకే. ఆ నీళ్ళలో ఈ అమీబా ఉండి, అక్కడ అతుక్కుంటే, వాసన నరం వెంబడి ఎక్కి మెదడు చేరుతుంది.

అందుకే ఈ నీళ్ళు తాగితే ఈ జబ్బు రాదు. మింగితే కడుపులో యాసిడ్‌కు చస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఉప్పు సముద్రంలో ఉండదు. ముక్కు ఒక్కటే దారి.

వస్తే మాత్రం చాలా చెడ్డది. నీళ్ళలో దిగిన ఒకటి నుంచి పన్నెండు రోజుల్లోపు తలనొప్పి, జ్వరం, వాంతులు మొదలవుతాయి. తర్వాత మెడ బిగుసుకుపోవడం, తికమక, ఫిట్స్. మొదలయ్యాక ఎక్కువ మంది వారం లోపే పోతారు. అమెరికాలో 1962 నుంచి 2023 వరకు 164 మందికి వస్తే నలుగురే బతికారు. ఇది విని మీ గుండె జారితే తప్పు లేదు, నాదీ జారింది. కానీ అదే లెక్కను ఇంకోసారి చదవండి. 62 ఏళ్ళు, 164 మంది. వేసవి వస్తే కోట్ల మంది చెరువుల్లో, నదుల్లో దూకే దేశంలో ఏడాదికి ముగ్గురి కంటే తక్కువ. 2001 నుంచి 2010 వరకు అక్కడ ఈ అమీబా సోకినవాళ్ళు 32 మంది, అదే పదేళ్ళలో నీళ్ళలో మునిగి చనిపోయినవాళ్ళు 34 వేలకు పైన.

వస్తే ఎంత ఘోరం అనేది ఒక ప్రశ్న, వచ్చే అవకాశం ఎంత అనేది ఇంకో ప్రశ్న. మన మనసు మొదటి దానికి జవాబు వినగానే రెండోది అడగడం మానేస్తుంది. వీడియో చేసేవాడికి ఆ సంగతి బాగా తెలుసు.

సరే, కేరళ. అక్కడ మొదటి కేసు 2016లో ఆలప్పుళలో కనిపించింది. ఏళ్ళ తరబడి ఒకటీ అరా ఉన్నవి 2024లో ఒక్కసారిగా 36 అయ్యాయి, తొమ్మిది మంది పోయారు. 2025 సెప్టెంబరు నడిమికే అరవై దాటాయి. అంటే జబ్బు దూకిందా? కొంత దూకి ఉండొచ్చు, నీళ్ళు వేడెక్కుతున్నాయి. కానీ కేరళ ఇంకో పని చేసింది. మెదడువాపుతో వచ్చిన ప్రతివాళ్ళ వెన్ను నీటిలో అమీబా ఉందేమో వెతకమని డాక్టర్లకు చెప్పింది. వెతికినవాడికి దొరుకుతుంది. ఇంకో సంగతి, ఆ లెక్కలో అందరూ నేగ్లేరియా వాళ్ళు కాదు. అకాంతమీబా అని దాని దూరపు చుట్టం ఒకటి ఉంది, అది మెల్లగా పని చేస్తుంది, అది సోకడానికి ఈత కొట్టి ఉండనక్కర్లేదు. అక్కడ బతికేవాళ్ళ సంఖ్య ఎక్కువ ఉండడానికి ఇది ఒక కారణం, తొందరగా కనిపెట్టడం రెండో కారణం. 2024లో కోళికోడ్ జిల్లా అబ్బాయి, 14 ఏళ్ళవాడు, నేగ్లేరియా నుంచి బయటపడ్డాడు. మన దేశంలో అలా బతికిన మొదటివాడని చెప్పారు. వాడిన మందుల్లో మిల్టెఫోసిన్ ఒకటి. అది మన బీహార్‌లో కాలా అజార్ జ్వరానికి వాడుతూ వచ్చిన గోళీ.

ఇక్కడ మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. "మన దగ్గర కేసులు లేవు కదా" అని ఇందాక ఒకాయన అన్నారు. మన దగ్గర ఏటా ఎంతోమంది మెదడువాపుతో ఆస్పత్రుల్లో చేరతారు, చాలామందికి కారణం తేలకుండానే కేసు మూసేస్తారు. మనం వెతకలేదు. కాబట్టి లేదని నేను చెప్పను. అరుదు అని మాత్రం గట్టిగా చెప్తాను. ఎందుకంటే ఈ అమీబా వేడి దేశాల చెరువుల్లో మామూలుగా ఉండేదే, మనవాళ్ళు తరతరాలుగా ఆ నీళ్ళలోనే మునిగి లేచారు. తరచుగా చంపేదే అయితే ఊరూరా పిల్లలు పోయేవాళ్ళు, దానికో పేరు కూడా పెట్టుకునేవాళ్ళం. మశూచికి పెట్టుకున్నాం, నారి కురుపుకు పెట్టుకున్నాం.

నారి కురుపు ఎంతమందికి గుర్తుంది? ఆ, పెద్దమ్మకు గుర్తుంది. కాల్లోంచి దారంలా పురుగు బయటికి వచ్చేది, పుల్లకు చుట్టి రోజుకింత లాగేవాళ్ళు. దిగుడుబావి మెట్ల మీద ఆ కాళ్ళు నీళ్ళలో పెడితే పురుగు పిల్లలు నీళ్ళలోకి పోయేవి, అవే నీళ్ళు వడగట్టకుండా తాగినవాళ్ళకు మళ్ళీ అదే జబ్బు. 1996లో ఆఖరి కేసు, 2000లో మన దేశంలో పోయిందని ప్రకటించారు. నీళ్ళ జోలికి పోవద్దని చెప్పి పోగొట్టలేదు. జబ్బు ఏ దారిన వస్తోందో చూసి ఆ దారి మూశారు. నీళ్ళు గుడ్డలో వడగట్టి తాగమన్నారు, మెట్లబావుల్ని మార్చారు.

ఈ అమీబాకు దారి ముక్కు. ఆ దారి మూసే సాధనం ఇదిగో, నా చేతిలో ఉంది. ముక్కు క్లిప్పు. వంద రూపాయలు కూడా కాదు. అందరికీ కనిపిస్తోందా?

ఇది పెట్టుకుంటే ఇక భయం లేదా అని అడగకండి, ఏ సాధనానికీ నూరు పాళ్ళు ఉండదు. దీంతోపాటు చేయాల్సినవి ఉన్నాయి. అవి చెప్పే ముందు ఇంకో దారి తప్పిన భయం గురించి. "చెరువెందుకు సార్, స్విమ్మింగ్ పూల్‌కి పంపుతాం" అంటున్నారు కొందరు. మంచిదే, క్లోరిన్ సరిగ్గా వేస్తే. 1962 నుంచి 1965 దాకా అప్పటి చెకొస్లవేకియాలో ఊస్టీ నాద్ లాబెమ్ అనే ఊళ్ళో ఒకే ఒక్క ఈత కొలనులో ఈదిన 16 మంది పోయారు. లోపలి కొలను, క్లోరిన్ వేసిన కొలను. ఆఖరికి తేలింది ఏమిటంటే, ఒక గోడ వెనక బోలు ఉంది, అక్కడికి క్లోరిన్ చేరడం లేదు, అమీబా అక్కడ కాపురం పెట్టింది. కాబట్టి వేసవిలో వాన్లలో పిల్లల్ని దింపుకుని, నీళ్ళు మార్చకుండా డబ్బులు లెక్కపెట్టుకునే కొలను మన చెరువు కంటే మేలేమీ కాదు. పూల్‌కి పంపితే వెళ్ళి నీళ్ళు చూడండి, క్లోరిన్ ఎంతుందో రోజూ రాసే రిజిస్టర్ అడగండి. అడిగితే వాళ్ళకు కోపం వస్తే, అదే మీకు జవాబు.

ఇళ్ళలోనూ ఈ దారి ఉంది. పాకిస్తాన్‌లోని కరాచీలో ఈ జబ్బు వచ్చినవాళ్ళలో చాలామంది ఈతకు పోనేలేదు. కుళాయి నీళ్ళు ముక్కులోకి ఎక్కించి కడుక్కున్నవాళ్ళు. అమెరికాలో లూసియానాలో 2011లో ఇద్దరు అలాగే పోయారు, ముక్కు కడిగే చెంబులో కుళాయి నీళ్ళు పోసి. ఇక్కడ జలనేతి చేసేవాళ్ళు చేతులెత్తండి. చూశారా, ఈత కంటే ఎక్కువే ఉన్నారు! జలనేతి మానొద్దు, సైనస్ వాళ్ళకు నేనే రాస్తాను. కానీ నీళ్ళు మరగబెట్టి చల్లార్చి వాడండి. గోరువెచ్చన చాలదు, కళపెళ మరగాలి. శబరిమల వెళ్ళే స్వాములు కూడా వినాలి. 2025 నవంబరులో కేరళ వైద్య శాఖ యాత్రికులకు చెప్పింది, నదిలో స్నానం చేసేటప్పుడు ముక్కులోకి నీళ్ళు పోకుండా చూసుకోమని. పంపలో మూడు మునకలు వేయండి, ముక్కు మూసుకుని వేయండి. అయ్యప్పకు అభ్యంతరం ఉండదు.

ఇప్పుడు మన చెరువు. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది, నిర్వాహకుల ముందే చెప్తాను. మనం శిబిరం పెట్టే నెల సరిగ్గా తప్పు నెల. ఏప్రిల్, మే. నీళ్ళు అడుగంటి, వేడెక్కి, బురద కాళ్ళకు తగిలే కాలం. అమీబాకు పండగ. మంచి నెల అంటే నీళ్ళు నిండుగా చల్లగా ఉండే డిసెంబరు, జనవరి. కానీ సంక్రాంతి సెలవుల్లో చెరువులో దింపుతామంటే "చలి, జలుబు చేస్తుంది" అని మీరే పంపరు. కాబట్టి ఉన్న కాలంలో తక్కువ తప్పు ఎలా చేయాలో చూద్దాం. నేను, శిబిరం తమ్ముళ్ళు నిన్న సాయంత్రం కట్ట మీద కూర్చుని అనుకున్నది ఇది. పొద్దున ఆరు నుంచి ఎనిమిదింటి వరకే. తూము వైపు, లోతుండే చోట, తాళ్ళు కట్టి, ప్రతి తాడు దగ్గర ఈత బాగా వచ్చిన పెద్దవాళ్ళు ఇద్దరు. లోతులో పిల్లల కాళ్ళు అడుగుకు తగలవు, బురద లేవదు. పిల్లలు డబ్బాలు కట్టుకుని తేలుతారు. గట్టు మీద నుంచి దూకుళ్ళు ఈ నెల లేవు. దూకే మగపిల్లలకే ఈ జబ్బు ఎక్కువ వచ్చింది అమెరికాలో కూడా. అడుగుకు పోయి మట్టి తెచ్చి చూపించే పందెం, మేమంతా ఆడాం అనుకోండి, అది అస్సలు వద్దు. నీళ్ళు మరీ పడిపోయి మొలలోతుకు వస్తే శిబిరం ఆపేస్తారు, డబ్బులు వెనక్కిస్తారు. ఇది మీ ముందు మాటిస్తున్నారు.

మరి చెరువు నీళ్ళు టెస్టు చేయిస్తే పోలేదా అని అడిగారు. టెస్టు చేస్తే ఉందనే వస్తుంది చాలాసార్లు, ఉన్నా ఎవరికీ ఏమీ కాదు. ఇవాళ లేదని వచ్చినా పది గజాల అవతల, పది రోజుల తర్వాత ఉండొచ్చు. ఆ కాగితం పట్టుకుని ధైర్యం తెచ్చుకోవడం కంటే క్లిప్పు నయం.

మిగతా జబ్బులు త్వరగా చెప్పేస్తాను, ఎండ ఎక్కుతోంది.

ఎలుక జ్వరం. లెప్టోస్పైరా అనే బాక్టీరియా వల్ల వస్తుంది. ఎలుకలు, పశువులు, పందులు పోసిన మూత్రం వాన నీటితో కొట్టుకొచ్చి చెరువులో చేరుతుంది, గాయాల్లోంచి, కళ్ళల్లోంచి ఒంట్లోకి పోతుంది. 1998లో అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ చెరువులో ఈత, సైకిల్, పరుగు కలిసిన ట్రయథ్లాన్ పోటీకి దిగిన ఎనిమిది వందల పైచిలుకు మందిలో వందకు దగ్గరగా జబ్బు పడ్డారు. కేరళలోనే ఏటా అమీబాతో పోయేవాళ్ళ కంటే ఎలుక జ్వరంతో పోయేవాళ్ళు ఎక్కువ. దానికి వీడియో ఎవరూ చేయరు, ఎందుకంటే ఎలుక అందరికీ తెలిసిందే. మందు ఉంది, తొందరగా వాడితే తగ్గుతుంది. మనం చేయాల్సింది: గట్టి వాన పడిన రెండు మూడు రోజులు దిగకపోవడం, కాలికి పుండు ఉన్న పిల్లాణ్ణి గట్టు మీదే కూర్చోబెట్టడం.

నీళ్ళ మీద పచ్చ పెయింటు పారబోసినట్టు తెట్టు కట్టి, వాసన వస్తుంటే దిగొద్దు. అది మామూలు నాచు కాదు, విషం వదిలే సైనోబాక్టీరియా కావచ్చు. 2014లో ఈరీ సరస్సులో అది పెరిగి, అమెరికాలో టొలీడో నగరంలో దాదాపు ఐదు లక్షల మందిని రెండు మూడు రోజులు కుళాయి నీళ్ళు తాగొద్దన్నారు. పిల్లలు ఆఫ్రికాలో ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే, విక్టోరియా, మలావి సరస్సుల్లో దిగే ముందు అక్కడి డాక్టర్ని నత్త జబ్బు గురించి అడగమనండి. బిల్హార్జియా అంటారు. మన చెరువుల్లో దాని బెడద లేదు.

ఇంకొకటి నా శాఖదే. రైనోస్పోరిడియోసిస్. పేరు నోరు తిరగదు, మీకు అక్కర్లేదు కూడా. చెరువుల్లో, కుంటల్లో మునిగేవాళ్ళకు ముక్కులో ఎర్రగా, మల్బరీ పండులా కండ పెరుగుతుంది, ముట్టుకుంటే రక్తం. దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఎక్కువ. ప్రాణం తీయదు, కోసి తీసి అది పుట్టిన చోటు కాల్చాలి, అయినా కొందరికి మళ్ళీ వస్తుంది. నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక అబ్బాయికి తీశాను. వాళ్ళ నాన్న, "మళ్ళీ కుంటలో దిగొచ్చా సారూ?" అని అడిగాడు. నేను తలెత్తకుండా చీటీ రాస్తూ "అస్సలు వద్దు" అన్నాను. ఆయన కాసేపు నిలబడి, "మరి గేదెల్ని ఎవరు కడుగుతారు సారూ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఏడాది తిరిగేసరికి ఆ అబ్బాయి అదే ముక్కుతో మళ్ళీ వచ్చాడు. రెండోసారి నేను "వద్దు" అనలేదు. గేదెను ఒడ్డుకు తోలి బకెట్‌తో కడగమన్నాను, మునకలు వేయొద్దన్నాను, ఆ నీళ్ళతో ముఖం కడగొద్దన్నాను. తర్వాత వాడు రాలేదు. డాక్టర్లకు "వద్దు" అనడం తేలిక, ఫీజు అంతే వస్తుంది. ఆ "వద్దు" ఖర్చు ఇంకెవరో భరిస్తారు.

ఈత వద్దు అంటే ఆ ఖర్చు ఎంతో చూద్దాం. ప్రభుత్వ లెక్కల ప్రకారం మన దేశంలో నీళ్ళలో మునిగి పోయేవాళ్ళు 2022లో 38 వేలు దాటారు. రోజుకు వంద మంది. ఇందులో అందరూ ఈతకు పోయినవాళ్ళు కాదు, ఆ మాట న్యాయంగా చెప్పాలి. వరదలో పోయినవాళ్ళు, పడవ తిరగబడినవాళ్ళు, బావిలో జారినవాళ్ళు, క్వారీ గుంతలో స్నానానికి దిగినవాళ్ళు అందరూ ఉన్నారు. ఈత వచ్చినవాళ్ళూ ఉన్నారు, పౌరుషానికి పోయి అవతలి ఒడ్డు తాకొస్తానన్నవాళ్ళు. కాబట్టి 38 వేలు ఒక పక్క, అమీబా ఒక పక్క పెట్టి తూస్తే తక్కెడ సరైంది కాదు. సరైన ప్రశ్న వేరే ఉంది: నేర్పితే ఎంతమంది మిగులుతారు?

దానికి జవాబు మన పక్కనే, బంగ్లాదేశ్‌లో దొరికింది. అక్కడ ఊరికో పది కుంటలు. ఆ కుంటల్లోనే వెదురు బొంగులతో మంచె కట్టి, పిల్లలు దాని మీద నిలబడేలా చేసి, నాలుగేళ్ళు దాటినవాళ్ళకు ఈత నేర్పారు. పరీక్ష కూడా చిన్నదే, 25 మీటర్లు ఈదడం, అర నిమిషం తేలి ఉండడం. నేర్చుకున్న పిల్లల్లో మునిగి చనిపోవడం 90 శాతానికి పైగా తగ్గిందని 2012లో లెక్కతో సహా రాశారు. పాలరాతి కొలనులు కాదండీ, కుంటలు. ఇలాంటి వేడి దేశమే, ఇలాంటి బురదే.

మన పిల్లలకు నీళ్ళు ఎలాగూ ఎదురవుతాయి. మీరు శిబిరానికి పంపకపోతే ఆగస్టులో మత్తడి దూకుతున్నప్పుడు ఫ్రెండ్స్‌తో చూడ్డానికి పోతారు, సెల్ఫీకి దిగుతారు. 2014 జూన్‌లో హైదరాబాద్ నుంచి విహారానికి పోయిన 24 మంది ఇంజనీరింగ్ పిల్లలు హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. పైన డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారు. ఆ ప్రవాహంలో ఎంత ఈత వచ్చినా లాభం లేదు, అది నేను ఒప్పుకుంటాను. కానీ నీళ్ళంటే ఏమిటో, అవి ఎప్పుడు పెరుగుతాయో, ఎక్కడ నిలబడకూడదో నీళ్ళలో తిరిగిన పిల్లలకు తెలుస్తుంది. అది కూడా ఈతలో భాగమే.

ఒక్క మాట, ఇది ముక్కు డాక్టర్‌గా కాదు. ఎవరైనా మునుగుతుంటే ఈత రానివాళ్ళు దిగొద్దు. మన దగ్గర ఒకరి వెంట ఒకరు దూకి ముగ్గురు పోతారు. చీర, తాడు, తువ్వాలు, ఖాళీ నీళ్ళ క్యాన్, ఏది ఉంటే అది విసరండి. బయటికి తీశాక తలకిందులుగా పట్టి తిప్పొద్దు, పొట్ట నొక్కొద్దు. ఊపిరి లేకపోతే నోట్లో నోరు పెట్టి ఊదండి, ఛాతీ నొక్కండి, 108కి ఫోన్ చేయించండి. శిబిరం మొదటి రోజు పెద్దవాళ్ళకు ఇదే పాఠం, పిల్లల్ని దింపి స్కూటర్ తిప్పుకుని పోవద్దు.

ఇక ప్రశ్నలు.

"పిల్లాడికి మామూలు జ్వరం వచ్చినా ఇక నిద్ర పట్టదు సార్. ఎలా తెలుసుకోవాలి?"

టెన్షన్ పడకమ్మా. ముక్కు కారుతూ, దగ్గుతూ, ఆడుకుంటూ ఉన్న జ్వరం అది కాదు. నీళ్ళలో దిగిన రెండు వారాల లోపు గట్టి తలనొప్పి, జ్వరం, వాంతులు కలిసి వచ్చి, గడ్డం ఛాతీకి ఆనించలేకపోతే, మత్తుగా ఉంటే, ఆ గంటే పెద్దాస్పత్రికి పోండి. పోయి మొదటి మాట, డాక్టర్ అడిగినా అడగకపోయినా, "చెరువులో ఈదాడు" అని చెప్పండి. చాలామంది చెప్పరు, తిడతారేమోనని. ఇంకోటి, వెన్నులోంచి నీరు తీస్తామంటే సంతకం పెట్టండి. "వెన్నులో సూది వేస్తే నడుము పడిపోతుంది" అని మనవాళ్ళకు ఒక నమ్మకం. పడిపోదు. ఆ చుక్క నీరు వెంటనే మైక్రోస్కోప్ కింద చూస్తే అమీబా కదులుతూ కనిపించవచ్చు. మందు ఎంత ముందు పడితే అంత ఆశ.

"డాక్టరు బాబూ, మా మనవడికి నీటిగండం ఉందని రాశారు. పంపాలా వద్దా?"

పెద్దమ్మా, నాకు రాసిన పంతులుగారు, మీకు రాసిన పంతులుగారు ఒకరేనేమో! (నవ్వులు) నేను 41వ ఏట నేర్చుకున్నాను, ఇప్పటికీ వెల్లకిలా తేలడం రాదు. మీ మనవడి పేరు అందరికంటే పైన రాయించండి. మీకు మనసు ఒప్పకపోతే మీరూ రోజూ వచ్చి ఆ వేపచెట్టు కింద కూర్చోండి, నాకు కబుర్లకు తోడుంటారు.

"సార్, ఈదుతుంటే ఆ క్లిప్పు ఊడిపోతే?"

మంచి ప్రశ్న తమ్ముడూ. తల పైకెత్తి, మెల్లగా ఒడ్డుకు రా. అంతే. ఊడిన క్లిప్పు కోసం మాత్రం అడుగుకు మునిగి బురదలో వెతకొద్దు. నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి, ఇంకోటి ఇస్తాను.